గుమ్మం కింద నూట ఎనభై ఎనిమిది

హలో… ఆ, నేనే సార్, ఒలీవియాని… జర గట్టిగ మాట్లాడండి, హారన్లు తప్ప ఏం వినపడ్తలే.

ఎక్కడున్నరు?… పంజాగుట్ట దాటిన్రా… ఆ, మెట్రో కోసం తవ్వినప్పటి సంది అక్కడ గంతే కద. మెల్లగ రండి భార్గవ్ సార్, తొందరేం లేదు.

మొదలువెట్టిన… పదింటికే. ఫ్రీ డెమో క్లాసు పది నిమిషాలు లేటైతే పిల్లలు ఎదురు బిల్డింగ్‌కు పోతరని మీరే అంటరు కద. అమీర్‌పేటల పిల్లలకు ఏం కొదవ, పిలిచేటోళ్ళకు ఏం కొదవ.

నిండింది సార్… కుర్చీలు చాలలే, కిటికీల కాడ నిలవడ్డరు. పదింటికి గుమ్మం మీది లెక్క నూట నలభై ఆరు చూపించింది.

అవ్, మస్తు మంది… మీకు సంతోషమే. నాకు సుత సంతోషంగనే ఉంది. నెల రోజుల సంది ముద్ద గొంతు దిగలే. ఈ పొద్దు నాలుగు ఇడ్లీలు తిని వచ్చిన.

ఏం చూపిస్తున్ననా?… గా గుమ్మం సెన్సరే. మన ల్యాబ్‌ల తయారైందే ఏదన్న చూపించు, పిల్లలు పడిపోవాలె అన్నరు కద మీరు. పడిపోయిన్రు సార్.

ఒక్క నిమిషం… లోపల లొల్లి ఉంది, వరండాలకొస్తున్న…

విన్నరా అరుపు? నేను గుమ్మం దాటంగనే "నూట యాభై రెండు మేడం" అని అరిసిన్రు. అది నా ఎత్తు. మనిషి గుమ్మం కిందికెళ్ళి పోంగనే స్క్రీన్ మీద గీత లేస్తది, దాని పక్కన సెంటీమీటర్లు పడ్తయ్. పొద్దున్నుంచి గదే ఆట.

అదేంది సార్… మీకు తెల్వదా?

కాదు కాదు, ఎత్తు చూసేది వేరే ఏం పెట్టలే. తలలు లెక్కపెట్టేదే, మీరు పెట్టించిందే. డెమోకు ఎంతమంది వచ్చిన్రో, ఎంతమంది జేరిన్రో తెల్వాలె అన్నరు కద వానకాలంల.

నేనెట్ల చెప్పాలె సార్ మీకు? మూడేండ్ల సంది ఇదే పాఠం చెప్తున్నరు… సరే, చెప్త. తలుపు పైన అగ్గిపెట్టంత బోర్డు, దానికి గుండ్రటి రెండు కండ్లు. కిందికే చూస్తయ్. ఒక కన్ను మనకు వినపడని చప్పుడు పంపుతది. అది మన నెత్తికి తాకి వాపస్ వస్తది, రెండో కన్ను పట్టుకుంటది. ఎంతసేపట్ల వచ్చిందో చూస్తే ఎంత దూరమో తెలుస్తది. గుమ్మం ఎత్తు రెండువందల పది. అందులకెళ్ళి గా దూరం తీసేస్తే మిగిలేది మనిషి. అంతే సార్, పెద్ద విద్యేం కాదు.

ఆ… మీరడిగింది లెక్కనే. స్క్రీన్ మీద లెక్కనే పెద్దగ పెట్టిన. ఎత్తు పక్కన ఫైల్ల పడుతుండె. తీసెయ్యమని ఎవరూ అనలే… మీరు రోజూ గా కంప్యూటర్ ముందటనే కూసుంటరు కద. గా ఫైలు మీ కండ్ల ముందే ఉండె. గిదే ప్రాజెక్ట్‌ను మొదటి పేజీ మార్చి, పేరు మార్చి అరవై మంది పిల్లలకు ఇచ్చిన్రు. ఒక్కసారన్న తెరిచి చూసిన్రా, లోపల ఏముందో?

హలో… ఉన్నరా సార్?

ఆ, గప్పటి సందివన్నీ ఉన్నయ్. తారీఖు, గంట, నిమిషం, అన్నీ. కంప్యూటర్ ఆపొద్దు, ఆపితే లెక్క పోతది అని మీరే చీటీ అతికించిన్రు దాని మీద. ఆదివారాలు సుత నడిచింది పాపం.

ఏ ఆదివారమా?… మీకెర్కలేదా.

నేనిప్పుడు నోటీసు బోర్డు కాడ నిలవడి మాట్లాడుతున్న సార్. మా నాయన ఫోటో ఉంది కద, దాని ముందట. "ఈ ఫోటోలోని సాలమన్ అను వ్యక్తిని దొంగతనం కారణముగా తొలగించడమైనది. ఇతనితో మా సంస్థకు ఎట్టి సంబంధము లేదు." మంచిగ రాసిన్రు. పదకొండేండ్లు మీ తాళాలు తీసినోడు. ఇక్కడొక్క కాడనే పెట్టుంటే గుండె రాయి చేసుకుందును. జిరాక్సులు కొట్టించి మైత్రీవనం గోడకు, బస్టాప్ స్తంభాలకు, జ్యూస్ బండ్ల మీద, మీ కోచింగ్ పాంప్లెట్ల నడుమ మా నాయన ముఖం అతికించిన్రు. మా బోరబండల సుత ఎవడో తెచ్చి చూపించిండు. గప్పటి సంది మా నాయన చర్చికి పోలే. నాలుగు ఆదివారాలైంది. పొద్దున తెల్ల అంగీ ఇస్త్రీ చేసుకుంటడు, తొడుక్కుంటడు, మంచం మీద కూసుంటడు. గంతే.

ఎందుకు గుర్తు చేస్తున్ననా? మర్చిపోయిన్రేమో అని సార్.

ఆ… తాళం మా నాయన కాడుండె. అవ్. కాలేజీ పిల్లల ప్రాజెక్ట్ కిట్లు ముప్పై రెండు పోయినయ్. తెల్లారితే గా పిల్లలకియ్యాలె, సోమవారం చూస్తే అల్మారీ ఖాళీ. తాళం పగలలే, కాబట్టి తాళం ఉన్నోడే దొంగ. రిసెప్షన్ల స్టూల్ మీద పొద్దుటి నుంచి పొద్దుమూకే దాక కూసోపెట్టిన్రు. టిఫిన్ డబ్బా తెరిపించిన్రు అందరి ముందట. డబ్బాల ముప్పై రెండు కిట్లు పడ్తయా సార్? పచ్చడి మెతుకులుండె.

నన్నెందుకు తీసెయ్యలేదో తెల్వదనుకున్నరా? మన ప్రాజెక్టుల కోడ్ రాసుడు నాకొక్కదానికే ఎర్క. అందుకు. నేనెందుకు పోలేదో మీకు తెల్వదు. గది ఈ పొద్దు తెలుస్తది.

రెండో తాళం ఇంకెవరి దగ్గరుండె సార్?… నేనే అడుగుతున్న… చెప్పకపోయినా సరే.

పోయిన బుధవారం సనత్‌నగర్ దిక్కు కాలేజీ పిల్లగాడొకడు రిపేర్‌కు కిట్ తెచ్చిండు. మీరు లేరు. పెట్టె చూసిన. మూల మీద మార్కర్‌తోని పదిహేడు అని రాసుంది. కిట్లకు నంబర్లేసింది మా నాయనే, ఏడు గట్లనే రాస్తడు, నడుమ అడ్డగీత కొట్టి. ఎక్కడిదిరా బాబూ అంటే, మీ సారే ఇచ్చిండు మేడం, మా బ్యాచ్ అందరికీ అన్నడు.

ఇంకేం మాట్లాడకండి, ముందు వినండి. ఒకటే సెట్టు కిట్లు. రెండు కాలేజీలకు ఒప్పుకున్నరు. గా కాలేజోళ్ళ పరీక్ష ముందుంది, వాళ్ళకిచ్చిన్రు. వీళ్ళకు ఏం చెప్పాలె? పోయినయ్ అని చెప్పాలె. ఎట్ల పోయినయ్ అంటే ఎవడో ఒకడు ఎత్తుకపోవాలె. ఎవడు? ఎదురు మాట్లాడనోడు.

కారు దిగిన్రా?… అడుగుల చప్పుడొస్తుంది. నడుస్తున్నరా ఉరుకుతున్నరా? మెల్లగ సార్, గుంతలున్నయ్.

బుధవారం పొద్దూకినంక ఫైలు తెరిచిన. పోయిన నెల రెండో ఆదివారం. పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలు. గప్పుడు మా నాయన చర్చిల రెండో పాట పాడుతుండె, మూడొందల మంది సాక్ష్యం. మీరు నమ్మలే, మీ ఇష్టం. ఫైల్ల ఒక మనిషి లోపలికి పోయిండు. నూట ఎనభై ఎనిమిది. మూడు నిమిషాలకు బయటికొచ్చిండు. ముందు ఛాతీ ఎత్తుల ఒక గీత లేచింది, అది అట్టపెట్టె. దాని ఎనకనే నూట ఎనభై ఎనిమిది. మళ్ళ లోపలికి. మళ్ళ పెట్టె, మళ్ళ మనిషి. నాలుగుసార్లు. పెట్టెకు ఎనిమిది లెక్కన నాలుగు పెట్టెలు.

మా నాయన నూట అరవై సార్. చెప్పులేసుకుంటే నూట అరవై రెండు.

గీతలు అబద్ధం చెప్తయంటరా? చెప్తయ్. ఒకటి రెండు సెంటీమీటర్లు అటు ఇటు. ఇరవై ఆరు చెప్పవు.

ఎవరో బయటోడా?… ఉండొచ్చు. నేనూ అదే అనుకున్న. అందుకే ఈ పొద్దు డెమోల అందర్నీ నడిపించిన. ముందు పిల్లల్ని. ఎగిరిన్రు, దునికిన్రు, ఒకడు నెత్తి మీద బ్యాగు పెట్టుకొని నడిచిండు. ఎనక స్టాఫ్‌ను పిలిచిన. కౌంటర్ కాడ కూసునే హరిణి మేడం నూట యాభై ఏడు. మీ బావమర్ది తేజ నూట డెబ్బై ఒకటి. ప్యూన్, క్యాంటీన్ ఆయన, జావా చెప్పే సార్లు, అందరు. ఒక్కొక్క గీతకు పేరు రాసిన. మస్తు నవ్విన్రు. తేజ రెండుసార్లు నడిచిండు, షూస్ ఇప్పి ఒకసారి.

తర్వాత గా ఆదివారం పెట్టిన తెర మీద.

నేను ఏం చెప్పలే సార్. ఎవరి పేరూ ఎత్తలే, దేవుని సాక్షి. గా రోజు ఈ గుమ్మంలకెళ్ళి కిట్లు పోయినయ్, తీసుకపోయినోడి ఎత్తు ఇది, మన దాంట్ల ఎవరికైన సరిపోతదా చూడండి అన్న. అంతే. పిల్లలే ఒక్కొక్క గీత తెచ్చి పక్కన పెట్టిన్రు. ఎవరిదీ సరిపోలే. గప్పుడు ఎనక బెంచీల ఒక పోరి లేచి అడిగింది, ఇంకా ఎవరన్న రావాలెనా మేడం అని.

ఒక్కరు రావాలె అన్న.

నవ్వు ఆగిపోయింది సార్ హాల్ల.

తేజ ఎక్కడనా? ముఖం తెల్లగ పెట్టుకొని మూలకు నిలవడ్డడు… ఏందీ? కరెంట్ మెయిన్ ఆపమని మెసేజ్ పెట్టిన్రా?… ఆపమనండి. మీరు పోయినేడు పెట్టించిన ఇన్వర్టర్ ఉంది. అది ఆపినా, ఈ పొద్దు సెన్సర్‌ను నా ల్యాప్‌టాప్‌కు కలిపిన, అది బ్యాటరీ మీద నడుస్తది, సెన్సర్ బోర్డుకు కరెంట్ దాన్లకెళ్ళే వస్తది. ప్రొజెక్టర్ పోతే ల్యాప్‌టాప్ నెత్తి మీద పట్టుకొని చూపిస్త. చేతులు నొయ్యవు నాకు.

ఫైలా? తుడిపేస్తరా? నాలుగు కాపీలున్నయ్. ఒకటి కిట్లు అందని గా ముప్పై రెండు మంది పిల్లల కాడనే ఉంది… అవ్, వాళ్ళు సుత వచ్చిన్రు. నేనే పిలిచిన. మొదటి రెండు వరుసలు వాళ్ళవే.

పోలీసులనా? పిలవండి. రాతపూర్వకంగ ఇయ్యండి. మా నాయన మీద కంప్లెయింట్ ఇస్తా అన్నరు కద గా రోజు, ఎందుకియ్యలే? ఇస్తే వాళ్ళు వచ్చి చూస్తరని.

నన్ను ఎక్కడా బతకనియ్యవా? ఎవనికి చెప్తవో చెప్పుకో పో! నీ ఫోటోలు, నీ జిరాక్సులు అయిపోయినయా? నాది సుత అతికించు. మా నాయన పక్కనే అతికించు. నాకు సిగ్గు లేదు…

ఏం? నువ్వు అన్ననా? అన్న. పదకొండేండ్లు నీ ఎంగిలి చాయ్ గ్లాసులు కడిగిన మనిషిని, నీకంటె ఇరవై ఏండ్లు పెద్దోణ్ణి, "ఏరా దొంగ నా కొడుకా" అన్నవ్ నా ముందట. నేను గా మూల సోల్డరింగ్ చేసుకుంట కూసున్న. చెయ్యి కాలింది, తెల్వలే. నేనొకసారి నువ్వంటే నీ పరువు పోయిందా?

…

సరే. మీరు అనే అంట. కోపమొస్తే నోరు జారుతది… మళ్ళ మొదటికి రావొద్దు, అరవకండి. రోడ్డు మీద జనం చూస్తరు.

ఉద్యోగమా… మళ్ళ పెట్టుకుంటరా? ల్యాబ్ ఇంచార్జ్ చేస్తరా? మా నాయననా?… నవ్వొస్తుంది సార్. పోయిన నెల అడిగుంటే నేనే కాళ్ళు మొక్కుదును.

మా నాయన మిమ్మల్ని క్షమించిండు తెలుసా? నిజం. గా రోజు రాత్రే ప్రార్థన చేసిండు, మీ పేరు పెట్టి. బిడ్డా, పగ పెట్టుకోకు, తీర్పు మనది కాదు అన్నడు. ఈ పొద్దు సుత ఫైలు సంగతి చెప్తే వద్దనేటోడు. అందుకే చెప్పలే. డెమో ఉంది, నేను మొదటిసారి ఇంతమంది ముందట మాట్లాడుతున్న, నువ్వు రాకుంటే నోరు పెగలదు అని చెప్పి తోలుకొచ్చిన. ముఖానికి రుమాలు కట్టుకొని బస్సెక్కిండు సార్. అమీర్‌పేటల దిగంగనే తల కిందికేసి నడిచిండు, స్తంభాల దిక్కు చూడకుండ.

ఆయన క్షమించిండు. నేను క్షమించలే. నాకంత పెద్ద మనసు లేదు, ఇచ్చినా తీసుకోను.

లోపలనే ఉన్నడు. ముందు వరుసల, నడుమ కుర్చీ. గీతలు చూసినంక రుమాలు ఇప్పేసిండు. నా దిక్కు చూసుకుంట కూసున్నడు.

కిటికీలకెళ్ళి కనపడ్తున్నరు సార్… ఆ, జిరాక్స్ షాపు ముందట. పైకి చూడండి. నేనే. చెయ్యి ఊపుతున్న.

పోతరా? పోండి. ఎనకకు తిరిగి పోండి, ఎవరూ ఉరికొచ్చి పట్టుకోరు. సార్ ఎందుకు రాలే అని నూట నలభై ఆరు మంది అడుగుతరు, నేను తెల్వదంట. సాయంత్రానికల్ల ఏ హాస్టల్ల చూసినా మీ ముచ్చటే. రేపు కొత్త బ్యాచ్‌కు ఎంతమంది జేరుతరో గా సెన్సరే లెక్కపెడ్తది.

లేదంటే పైకి రండి.

ఎనక తలుపు ఎక్కడిది సార్? ఇంకో నలభై కుర్చీలు పడ్తయని మీరే గోడ కట్టించిన్రు. ఉన్నది ఇదొక్కటే గుమ్మం.

ఏం చెయ్యాలెనా… ఇప్పుడు అడిగిన్రు మంచిగ. రెండే. మెట్లెక్కినంక ఎడమ చేతికి నోటీసు బోర్డుంది. మా నాయన కాయితం మీ చేత్తోని తియ్యండి. లోపలికొచ్చి, అందరి ముందట, కిట్లు ఎవరు తీసిన్రో మా నాయనకు చెప్పండి. నాకు కాదు, పిల్లలకు కాదు. మా నాయనకు. ఇంగ్లీషుల వద్దు. ఆయనకర్థమయ్యే తెలుగుల.

అది తప్ప ఏదైనా అడుగు అంటున్నరా? నాకు అది తప్ప ఏమీ వద్దు.

ఒక్క నిమిషం, లోపలికి పోతున్న… ఆ, ఆ, నూట యాభై రెండే, తెలుసు! ఇగ చాలు. అందరు కూసోండి. మాట్లాడకండి, తెర మీద చూడండి… తేజా, నువ్వు బయటికి పోకు, గుమ్మం కింద ఎవరూ అడ్డం ఉండొద్దు.

సార్, చప్పుడు వినపడ్తుంది మెట్ల మీద… మధ్యల ఆగిన్రెందుకు? ఇంకో పన్నెండు మెట్లున్నయ్.

ఆ… వచ్చిన్రు. నీడ కనపడ్తుంది నాకు. నోటీసు బోర్డు కాడున్నరు కద?… చింపకండి! మెల్లగ. నాలుగు గుండుపిన్నులున్నయ్, ఒక్కొక్కటి తియ్యండి. ఫోటో చినగొద్దు. మా నాయనకున్నది అదొక్కటే ఫోటో, మీ ఆఫీస్ ఫైల్లకెళ్ళి తీసి అతికించిన్రు.

తీసిన్రా?… నాలుగు పిన్నులూ వచ్చినయా?… సరే.

ఇగ రండి.

ఏంది సార్, గుసగుస?… వంగి వస్తరా?

రావొచ్చు. వంగితే గీత పొట్టిగనే పడ్తది, నేను కాదనను. సెన్సర్‌కు తెల్వదు, అది తల ఎంత దూరముందో గంతే చెప్తది. కానీ లోపల నూట నలభై ఆరు జతల కండ్లున్నయ్. పొద్దున్నుంచి గుమ్మం కింద ఎవరు ఎట్ల నడుస్తరో చూస్తున్నయ్. ఈ పొద్దంత ఒక్కరూ వంగలే సార్. వంగాల్సిన అవసరం ఎవరికీ రాలే.

నిటారుగ వస్తరో, వంగి వస్తరో. మీ ఇష్టం. నేనైతే ఫోన్ చెవికే పెట్టుకున్న.

…

…

నూట ముప్పై నాలుగు.

ఎవరూ నవ్వకండి… ఏయ్, ఎనక బెంచీ, నవ్వొద్దన్ననా! ఎవరూ నవ్వకండి.

రండి సార్. ఇట్ల ముందుకు రండి. ఇగ తల ఎత్తొచ్చు, సెన్సర్ దాటిన్రు… ఎత్తండి…

నాయనా? ఏం చేస్తున్నవ్?… లేవకు. సారొస్తే లేవాలని ఈ పొద్దు ఏం లేదు. కూసో… నా మాట విను నాయనా, ఒక్కసారి విను. కూసో.

ఆ… గట్ల.

భార్గవ్ సార్, మా నాయన కూసున్నడు. మీరు నిలవడి చెప్పండి. నేను ఫోన్ పెట్టేస్తున్న.